నిండుకుందండీ

బందరులో నేను చాలాకాలం చూసుకున్న ఒక ఆస్పత్రివాళ్ళు మొన్న ఫోను చేసి, పాత సర్వరుని తీసుకుపొమ్మన్నారు. "మీరు పెట్టిందేగా, మీరే మోసుకెళ్ళండి" అని స్టోరు గుమాస్తాగారి హాస్యం. ఆ మిషను పెట్టి ఐదారేళ్ళయింది. కంప్యూటర్ల లెక్కలో అది మునిమనవల్ని ఎత్తుకునే వయసు. గుడివాడలో పాసింజరెక్కి, కిటికీ పక్కన కూర్చుని, స్క్రూడ్రైవరు సంచీ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను.

కేబినెట్ తలుపు తెరిస్తే లోపలివైపు ఒక రూళ్ళ కాగితం అంటించి ఉంది. నాలుగు మూలలా టేపు, ఆ టేపు మీద మళ్ళీ టేపు. గుండ్రటి అక్షరాలు.

"ఎఫ్ 2 నొక్కవలెను. అడ్వాన్స్‌డ్ అను దానిలోనికి పోవలెను. ప్రాసెసర్లు రెండు, ఉన్నవి. కాష్, ఉంది. హైపర్ థ్రెడింగ్, నిండుకుంది. సేవ్ చేసి, మిషను లేచేదాకా కుర్చీలోంచి కదలరాదు."

"ఆవిడ రాసిందేనండి" అన్నారు గుమాస్తాగారు నా భుజం మీదుగా చూస్తూ. "పోయారుగదా. వేసంగిలో. మీకు తెలవదా?"

నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

అప్పట్లో గుడివాడ చుట్టుపక్కల మా కంపెనీ అమ్మిన కంప్యూటర్లన్నిటికీ నేనే వైద్యుణ్ణి. నందివాడలో చేపల మేత కొట్టు, పెదపారుపూడిలో కాలేజీ, బందరులో ఈ ఆస్పత్రి. ఆస్పత్రి కంప్యూటరు గదిలో ఆపరేటరు ఆవిడ. నలభైకి దగ్గర పడిన మనిషి, సన్నగా ఉండేవారు, నేత చీర, చేతికి మగవాళ్ళ గడియారం. దివిసీమ నుంచి వచ్చి చిలకలపూడిలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కరే ఉండేవారు. మొదట్లో 'మేడం' అని పిలిచాను. "ఆ మాట డాక్టరమ్మగార్లకి ఉంచండి" అన్నారు. అప్పట్నుంచి అక్కగారూ అనేవాణ్ణి.

ఆ సర్వరుకి ఒక పుట్టు జబ్బు ఉండేది. సెట్టింగులు గుర్తుంచుకోవడానికి లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. ఎన్ని కొత్తవి వేసినా మూడు వారాల్లో పీల్చేసేది. బోర్డు మార్చమని కంపెనీకి రాశాను. మళ్ళీ రాశాను. వాళ్ళ జవాబు మర్యాదగానే వచ్చేది, బోర్డు మాత్రం వచ్చేది కాదు. అందుకని కరెంటు గట్టిగా పోయిన ప్రతిసారీ మిషను తన బుద్ధులన్నీ మర్చిపోయి, పుట్టిన రోజు బుద్ధులతో లేచేది.

వాటిల్లో ప్రాణాంతకమైంది హైపర్ థ్రెడింగ్ అనే ఏర్పాటు. ఒక ప్రాసెసరు తానొక్కటే ఉండి ఇద్దరున్నట్టు కనిపించడం దాని పని. కొత్త సాఫ్ట్‌వేర్లకి అది మేలే. ఆ ఆస్పత్రి సాఫ్ట్‌వేరు పాతది, దానికి ఇది గిట్టదు. అది ఆన్‌లో ఉండగా జనం ఎక్కువైతే కదలక మెదలక నిలిచిపోయేది. కాబట్టి రోజూ పొద్దున్నే ఓపీ మొదలవకముందు ఆవిడ మిషను ఆన్ చేసి, ఎఫ్ రెండు నొక్కి, సెటప్ మెనూలోకి వెళ్ళి, ఆ ఒక్కటీ మళ్ళీ లేచి ఉంటే ఆపి, మిగతావన్నీ సరిచూసుకునేవారు.

ఆ సరిచూడటం వినితీరాలి. బడిలో పంతులమ్మ హాజరు వేసినట్టు పైకి చదివేవారు. ఒక్కో గడి మీదికి బాణం జరుపుతూ, "ప్రాసెసరొకటి, ఉంది. ప్రాసెసర్రెండు, ఉంది. కాష్, ఉంది. హైపర్ థ్రెడింగ్..." అని ఆగి, మార్చి, "నిండుకుంది" అనేవారు.

మొదటిసారి నవ్వాగలేదు నాకు. మనిళ్ళల్లో బియ్యం అయిపోతే లేవనకూడదు, నిండుకున్నాయనాలి. అది వంటింటి మర్యాద. ప్రాసెసరుకి ఈ మర్యాద చేసినవాళ్ళని నేనెక్కడా చూడలేదు.

"డిజేబుల్డ్ అని రాసి ఉందిగదా అక్కగారూ, అదే అనొచ్చుగా?"

"ఆ మాట మనం సర్టిఫికెట్ల మీద కొడతామండీ, చెయ్యో కాలో పోయినవాళ్ళకి. పొద్దున్నే మిషన్ని పట్టుకుని అదేం మాట!"

"పోనీ లేదు అనండి."

ఆవిడ నా వంక చూసి, ఎఫ్ పది నొక్కి సేవ్ చేసి, "కాఫీ తాగారా?" అన్నారు.

తర్వాత్తర్వాత కనిపెట్టాను. ఆవిడ నోట 'లేదు' రాదు. లేదు, లేడు, లేరు, ఏదీ రాదు. కరెంటు పోతే కొండెక్కింది. డాక్టరుగారు రాకపోతే "ఇంకా దారిలో ఉన్నారు", ఆయన సెలవు పెట్టి అమలాపురంలో ఉన్నా సరే దారిలోనే ఉన్నారు. మా వైపు మాట కూడా ఆవిడకి కలిసొచ్చింది. 'రాలేదు' అనక్కర్లేకుండా 'రాలా' అనేస్తే సరిపోతుంది, 'చూళ్ళా', 'తిన్లా'. ఒకరోజు పరీక్షించాలనిపించి, "అక్కగారూ, మీ దగ్గర ఏనుగుందా?" అని అడిగాను. ఏమాత్రం తడుముకోకుండా, "మీరు చూసుకుంటానంటే తెప్పిస్తానండీ" అన్నారు. డబ్బాలో ఎండు రొయ్యల పొడి తెచ్చుకునేవారు. ఏసీ గది మూసి ఉంటే ఆ ఘాటు నాలుగింటిదాకా పోయేది కాదు. నేను దానికి వంకపెట్టి వెక్కిరించేవాణ్ణి, పన్నెండున్నరకి నా వంతు నేను తినేవాణ్ణి.

హైపర్ థ్రెడింగ్ గురించి మా కంపెనీ వాళ్ళు నాకు మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు. ఒకరోజు ఆవిడే నాకు చెప్పారు.

"ఉన్నది ఇద్దరేనండీ. ఇది నలుగురున్నట్టు పేర్లు రాయించుద్ది. సాఫ్ట్‌వేరు పాతకాలపు మనిషి, పేర్లున్నాయి గదా అని నలుగురికీ పని పంచుద్ది. ఇద్దరు చేసుకొస్తారు. ఆ మిగతా ఇద్దరి కోసం ఎదురుచూస్తా కూర్చుంటది. ఎంతకీ రారు. అది చూస్తానే ఉంటది."

మా శిక్షణలో ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు.

ఆ సర్వరు లేవడానికి నాలుగైదు నిమిషాలు పట్టేది. మెమరీ అంతా లెక్కపెట్టుకుంటూ అంకెలు పరిగెత్తేవి. మా కబుర్లన్నీ ఆ నాలుగైదు నిమిషాల కబుర్లే. బీప్ అనగానే ఆవిడ చేతులు కీబోర్డు మీదికి వెళ్ళిపోయేవి, సగంలో ఉన్న మాట సగంలోనే ఉండేది. ఒక వానాకాలం ఉదయం, నేను అడక్కుండానే చెప్పారు.

"ఉప్పెనప్పుడు నాకు పదకొండేళ్ళండీ. ఎలా బతికావని అడక్కండి, అందరూ అదే అడుగుతారు. తమ్ముడికి నాలుగేళ్ళు. తెల్లారేదాకా వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని లే, లేరా అని కుదుపుతానే ఉన్నా. తర్వాత మమ్మల్ని ఒక షెడ్డులో పెట్టారు. ఒక గుమాస్తాగారు జాబితా పట్టుకొచ్చారు. మా ఇంట్లోవాళ్ళ పేర్లు ఆరు చదివారు. ఉన్నాడా, ఉందా అని అడగటం, నేను చెప్పటం. ఇంకెవరూ చెప్పేవాళ్ళు... నేనే చెప్పాల. 'మెల్లిగా చెప్పమ్మా, రాసుకోవాల' అన్నారాయన. మెల్లిగా చెప్పా. ఆరుసార్లూ అదే మాట."

అంకెలు ఆగాయి. బీప్ అంది. ఆవిడ ఎఫ్ రెండు నొక్కారు. "ప్రాసెసరొకటి, ఉంది" అన్నారు.

నేను కిటికీలోంచి సైకిలు స్టాండు వైపు చూస్తూ నిలబడ్డాను. ఏనుగు గురించి అడిగినందుకు సిగ్గేసింది. తర్వాత ఇంకెప్పుడూ ఆ మాట కోసం ఆవిణ్ణి ఆటపట్టించలేదు.

ఇక ఆ రోజు సంగతి. ఎండాకాలం, సోమవారం. నేను నందివాడలో చేపల మేత కొట్టులో ఉన్నాను. అక్కడ సెల్లు సిగ్నలు రావాలంటే చెరువు గట్టు మీదికి వెళ్ళి నిలబడాలి. మధ్యాహ్నం గట్టెక్కి చూసుకుంటే బందరు నుంచి మూడు మిస్డ్ కాల్స్.

తర్వాత తెలిసింది ఇది. పొద్దున్న సర్వరు నెమ్మదించింది. ఫ్యానులో దుమ్ము పట్టి వేడెక్కిపోయింది, అంతే. ఆవిడ సెట్టింగులు చూసుకున్నారు, రాత్రి కరెంటు పోలేదు కాబట్టి అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. నేను దొరక్క, బెంగుళూరులోని మా కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేశారు. అక్కడ తెలుగు మాట్లాడే ఆయనొకాయన ఉన్నాడు. పుట్టింది పెరిగింది బెంగుళూరే. మంచివాడే, తర్వాత నేను మాట్లాడాను.

"మేడం, హైపర్ థ్రెడింగ్ ఎలా ఉంది చెప్పండి" అన్నాడాయన.

"నిండుకుందండీ" అన్నారీవిడ.

ఆయన ఇంట్లో ఆ మాట లేదు. నిండుగా ఉంది, అంటే ఆన్‌లో ఉంది అనుకున్నాడు. "అదే ప్రాబ్లెం. మార్చి సేవ్ చెయ్యండి" అన్నాడు.

"మార్చమంటారా? మారిస్తే తిరగదేమోనండీ."

"మేడం, నేను చెప్పింది చెయ్యండి ప్లీజ్."

అంత పెద్ద ఊళ్ళో కూర్చున్నవాళ్ళు, మనకంటే తెలిసినవాళ్ళు చెబుతున్నారు గదా అని ఆవిడ మార్చారు. హాజరు చదువుతూ, జీవితంలో మొదటిసారి ఆ గడి దగ్గర కూడా "ఉంది" అని ఉంటారు.

పదిన్నరకి ఓపీ కిక్కిరిసి ఉండగా సర్వరు నిలిచిపోయింది. పొద్దున్నుంచి ల్యాబ్ వాళ్ళు ఎక్కించిన రిపోర్టులు పోయాయి. నెత్తురిచ్చినవాళ్ళని మళ్ళీ పిలిచి మళ్ళీ గుచ్చారు. నేను నందివాడ నుంచి మోటారు సైకిలు మీద పడుతూ లేస్తూ చేరేసరికి వరండా అంతా గోల. చేపలమ్ముకునే ముసలమ్మ ఒకావిడ, రెండో చేతికి కూడా దూది అంటించుకుని, కంప్యూటరు గది గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇందాకటి నెత్తురేం చేశావమ్మా? ఉందా లేదా, ఒక్కమాట చెప్పు" అంటోంది.

అక్కగారు ఆమె మోచెయ్యి పట్టుకుని, "నిండుకుందమ్మా, నాదే తప్పు" అన్నారు. ముసలమ్మకి ఆ మాట చక్కగా అర్థమైంది. "నిండుకోడానికి అదేమన్నా నూకలా" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. నేను మిషను విప్పుతున్నంతసేపూ ఆవిడ గుమ్మం వైపే చూస్తున్నారు.

మర్నాడు ఆస్పత్రి మేనేజరుగారి గదిలో విచారణ. ఆయన ఏదో ఆఫీసులో రిటైరై వచ్చినాయన, ఎదుటివాళ్ళ మాటలో తప్పు పట్టుకుంటే వదిలే మనిషి కాదు. బల్ల మీద బెంగుళూరు వాళ్ళు పంపిన కాగితం, దాని కింద ఆ ఏటికి తిరగరాయవలసిన మా కంపెనీ వార్షిక ఒప్పందం, రెండూ నా సంతకం కోసం ఉన్నాయి. కాగితంలో ఒకే వాక్యం. ఆపరేటరు సెట్టింగును తప్పుగా చెప్పినందువల్ల ఇలా జరిగింది.

నేను జరిగింది చెప్పాను. నిండుకుంది అనగానే మేనేజరుగారు పకపకా నవ్వారు. "మా ఆవిడా అంతే. ఉప్పు నిండుకుందంటే నేనూ ఒకసారి డబ్బా మూత తీసి చూశా" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. అక్కగారు కూడా కొంచెం నవ్వారు. అందరికీ అర్థమైంది గదా, గండం గడిచిందనుకున్నాను.

"సరేనమ్మా. వంటింటి మాటలు వంటింట్లో. ఇకనుంచి లేదు అంటే లేదు అనండి. తెలిసిందా?"

"ఆఫ్ అంటానండీ" అన్నారావిడ.

"ఆఫూ వద్దు, గీఫూ వద్దు. లేదు. శుభ్రమైన తెలుగు మాట. ఏదీ, ఒకసారి అనండి."

ఆవిడ చేతి గడియారం సరిచేసుకున్నారు.

"అనండమ్మా. నాలుక అరిగిపోతుందా?"

"సార్, ఆఫ్ అన్నా సరిపోతుందండి" అన్నాను నేను.

"మీరుండండి. ఆవిణ్ణి అడుగుతున్నా."

ఆవిడ పెదవులు విడివడ్డాయి. ముందు పళ్ళ వెనక నాలుక లేచింది, నేను చూశాను. అక్కడే నిలిచింది. మేనేజరుగారి నవ్వు మెల్లిగా ముఖంలోంచి దిగిపోయింది. తనని లెక్కచెయ్యడం లేదనుకున్నారు. నిజంగా అలాగే అనుకున్నారు, పాపం ఆయనకేం తెలుసు. తెలిసినవాణ్ణి నేను. ఆ ఆరు పేర్ల సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. చెప్పాలనుకున్నాను. ఆవిడ నా వైపు చూసి, తల అడ్డంగా, ఆడీ ఆడనట్టు ఆడించారు. చెప్పొద్దని. నేను ఆ తల ఆడించడాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానో! ఇవాళ్టికీ ఎవరైనా అడిగితే ఆవిడే వద్దన్నారంటాను. బల్ల మీద ఒప్పందం కాగితం కూడా ఉందనేది చెప్పను.

"వారం రోజులు టైమిస్తున్నా. వచ్చే సోమవారం నా ముందు ఆ మాట అని, వెళ్ళి మీ కుర్చీలో కూర్చోండి. అనలేకపోతే ఆ గదిలో మీకు పని లేదు" అన్నారు మేనేజరుగారు. ఆయన నోట ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో.

నేను రెండు కాగితాల మీదా సంతకం పెట్టాను.

ఆ సోమవారం నేను కావాలనే పని కల్పించుకుని బందరు వెళ్ళాను. అక్కగారు ఉతికి పెట్టిన చీర కట్టుకుని, పరీక్షకి వచ్చినట్టు వచ్చారు. నేను వరండాలో నిలబడ్డాను. తలుపు తెరిచే ఉంది. లోపల మేనేజరుగారు ఏదో ఫైలు చూస్తూ "ఊఁ" అన్నారు. ఫైల్లో రెండు మూడు కాగితాలు తిరిగాక ఆవిడ గొంతు వినిపించింది.

"నోటికి రాలా అండీ."

బయటికి వచ్చి నన్ను చూసి, ఏమీ జరగనట్టు, "ఫ్యాను దుమ్ము నెలకోసారి దులపాలండీ, ఎవరు కూర్చున్నా చెప్పండి వాళ్ళకి" అన్నారు.

పాత కేసు షీట్ల గదికి వేశారు ఆవిణ్ణి. అది శిక్షో, ఎవరి తెలివితక్కువతనమో నాకు తెలియదు. ఆ గదిలో పనల్లా కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళు ఫలానా షీటు ఉందా అంటే, ఉందనో లేదనో చెప్పడం. ఆవిడ ఏం చెప్పేవారంటే, "వెతుకుతానండీ" అనేవారు. వెతికేవారు. చెదలు తిన్నవీ, ఎప్పుడో తగలబెట్టినవీ, అసలు ఆ ఆస్పత్రికే రానివాళ్ళవీ వెతికేవారు. ఒకసారి నేను వెళ్ళేసరికి స్టూలు మీద నిలబడి అటక మీది కట్టలు దించుతున్నారు. జుట్టు నిండా దుమ్ము, దగ్గు.

"అక్కగారూ, దొరకదని చెప్పేయండి. దొరకదు అనొచ్చుగా? అందులో ఆ మాట రాదుగా?"

ఆవిడ స్టూలు దిగి ఒక క్షణం ఆలోచించారు. "అనొచ్చుననుకోండి. కానీ వాళ్ళు అక్కడ నిలబడి ఉన్నారుగదండీ" అన్నారు. మళ్ళీ స్టూలెక్కారు.

ఆ దగ్గు తగ్గలేదని, ఉద్యోగం మానేశారని విన్నాను. చిలకలపూడి స్టేషను నా రైలు దారిలోనే ఉంది. రైలు అక్కడ ఆగుతుంది. దిగాలని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. దిగి ఏం చెప్పాలో తెలిసేది కాదు, రైలు కదిలేది. నాకు చేతకాలేదని రాసుకోవచ్చు, అది తేలిక మాట. నేను చెయ్యలేదు.

మొన్న ఆ కాగితం చిరక్కుండా ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాను. టేపు మీద టేపు ఎందుకుందో ఇంటికొచ్చి తిరగేసి చూస్తే తెలిసింది. ఆ వారం రోజుల్లో ఎప్పుడో ఆవిడ దాన్ని ఊడదీసి, వెనక రాసుకుని, మళ్ళీ అంటించారు. వెనకంతా పెన్సిలు. కాపీ రాసే పిల్లల్లా వరసగా, ప్రతి రూలు మీదా ఒకే అక్షరం.

లే. లే. లే. లే.

ఒకటి రెండు చోట్ల పక్కన 'ద' మొదలుపెట్టి కొట్టేసి ఉంది. 'దు' దాకా ఎక్కడా వెళ్ళలేదు. పేజీ చివరికి వచ్చేసరికి అక్షరాలు పెద్దవయ్యాయి, పెన్సిలు కాగితంలోకి దిగింది. వసారాలో కుర్చీలో కూర్చుని, మొదటి వరస నుంచీ వేలు పెట్టి, ఆవిడ హాజరు చదివినట్టే, మెల్లిగా పైకి చదివాను. సగం పేజీ చదివానేమో.

వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది.

"ఎవర్నండీ, లేపుతున్నారు?"